ఆదివారం మొగుడు

ప్రతి ఆదివారం పత్రికలో మా ఆయన మీద నవ్వు వ్యాసం రాయడం నా పని. ఫ్యాన్లు బాగుచేసే మనిషి. ఊళ్లో అందరి ఫ్యాన్లూ తిరిగేవి, మా ఇంట్లోది తప్ప. ఆ ఒక్క ఫ్యాను మీదే ఎన్ని వ్యాసాలు రాశానో! రాసింది ముందు ఆయనకే చదివి వినిపించేదాన్ని. "బాగుందోయ్" అన్నాడంటే చించి పారేసేదాన్ని. మొహం మాడ్చుకుని "ఇది మాత్రం పంపకు" అన్నాడంటే వెంటనే కవరులో పెట్టేదాన్ని.

ఆయన పోయి ఏడాది దాటింది. పత్రిక ఆఫీసు వేరే ఊళ్లో ఉంది, వాళ్లకు నేను చెప్పలేదు. చెబితే సంతాపం రాస్తారు. ఆపైన ఆదివారం కూడా ఆయన ఉండడు. అందుకే పాత సంగతులు తవ్వుకుని రాస్తూ వచ్చాను. బస్సులో ఎవరైనా నన్ను గుర్తుపట్టి, "మీవారు ఈ వారం ఏం వెలగబెట్టారండీ?" అంటే ఏదో చెప్పి నవ్వించి, ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

ఈ వారానికి సంగతులన్నీ అయిపోయాయి. బుర్ర ఎంత గోక్కున్నా ఒక్కటీ రాలేదు. ఇక కల్పించాను. పక్కింటి కుక్క మొరిగితే మా ఆయన గోడ దూకి పారిపోయాడని రాశాను. మొహం మాడ్చేవాళ్లెవరూ లేరు. అలాగే పంపేశాను.

కవరు అందిన రోజే ఫోను వచ్చింది. పత్రిక ఆఫీసులో నా చేతిరాత టైపు చేసే అమ్మాయి. ఆయన్ని ఎప్పుడూ చూసింది కాదు.

"పిన్నిగారూ, ఏమీ అనుకోకండి. ఈసారి బాబాయిగారు బాబాయిగారిలా లేరండీ."

నాకు ఒళ్లు మండింది. "నా మొగుడి సంగతి నాకంటే నీకు ఎక్కువ తెలుసా?"

"అది కాదండీ. ఆయన పారిపోయే రకం కాదు కదా!"

"అయితే ఏం చేస్తాడో నువ్వే చెప్పు."

కాస్త ఆలోచించింది. "కుక్క ముందే చతికిలబడతారు. దాని మెడ పట్టీ ఊడిపోయేలా ఉందని బాగుచేస్తూ కూర్చుంటారు. అన్నం చల్లారిపోతోందని మీరు కేకలేస్తున్నా వినిపించుకోరు."

నవ్వొచ్చేసింది. నిజమే, అచ్చం ఆయనే. చేతిలో స్క్రూడ్రైవరుతో సహా కనిపించాడు. ఏడాదిగా ఆయన గురించి నాకు తెలియని సంగతి ఒక్కటీ ఎవరూ చెప్పలేదు.

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను.

"ఊఁ, తర్వాత? ఇంటికి ఎప్పుడొచ్చాడు?"