చెవి మేస్త్రి

కారు సందు మలుపు తిరగకముందే నాకు వినిపించింది. టిక్, టిక్, టిక్. మళ్లీ వచ్చింది మహాతల్లి, అనుకున్నాను. కారునన్నానో, కారు నడిపే మా వదిననన్నానో నాకే తెలియదు. ఇద్దరితోనూ ఓపిక అయిపోయింది.

వదినంటే మా ఆయన అక్క. జనానికి కారు నడపడం నేర్పడం ఆవిడ పని. ఆ పాత కారు ఇంజను మొత్తం విప్పి, కొత్త పిస్టన్లూ బేరింగులూ వేసి, మా షెడ్డులోనే మళ్లీ కట్టాం. కట్టింది ఆయన. విప్పిన ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో కడిగింది నేను. ఇప్పటికీ ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే వాసన.

వదిన దిగి, తలుపు ధడేల్మని వేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, నేర్చుకునేవాళ్లు అసలే బిక్కచచ్చి కూర్చుంటారు. ఈ టిక్కుటిక్కు వింటే క్లచ్ ఎక్కడుందో కూడా మర్చిపోతున్నారు. పాత ఇంజనే నయం. దగ్గేది గానీ ఇలా నస పెట్టేది కాదు."

"నీకలా అనిపిస్తోందక్కా. కొత్తగా కట్టిన ఇంజను, సర్దుకోవాలి కదా," అన్నాడాయన, ఎటో చూస్తూ.

"కిందటిసారీ ఇదే అన్నావు. సాయంత్రానికల్లా శబ్దం పోవాలి. లేకపోతే పెద్దరోడ్డు మీది షెడ్డుకి తీసుకుపోతా. తోడబుట్టినవాడివని చెవుల్లో దూది పెట్టుకుని నడపలేను కదా!"

విసవిసా నడిచి వెళ్లిపోయింది. సొంత అక్కే కారు ఇంకో షెడ్డుకి తోలుకుపోతే ఇక మా గడప తొక్కేదెవరు? పైగా ఈయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. బండి వాకిట్లో ఆగకముందే దాని జబ్బేమిటో చెప్పేవాడు మరి. వాల్వుల దగ్గర వెంట్రుకంత సందు ఉంచి బిగించాలంటే అందరూ ఫీలర్ గేజ్ అనే సన్నటి రేకులతో కొలుస్తారు. ఈయనకి అవి గిట్టవు. ఇంజను నడుస్తుండగానే పై మూత తీసి, టిక్కుమనే శబ్దం సన్నబడేదాకా మర తిప్పి ఆపేస్తాడు. "రేకులు చెవుల్లేనివాళ్లకి" అని మీసం దువ్వుకునేవాడు. కొన్న రేకులు కొన్నట్టే కాగితంలో మేకుకి వేలాడుతున్నాయి.

"ఏమండీ, పోనీ ఇంకోసారి చూడండి," అన్నాను.

"చూసేదేముంది? బాగానే ఉంది."

ఒళ్లు మండింది. "బాగుండటమేమిటి, నాకు వంటింట్లోకి వినిపిస్తుంటే!"

అప్పటికే వీపు తిప్పి పనిముట్లు సర్దుకుంటున్నాడు. ఉలకడు, పలకడు. ఈ మధ్య ఇదే వరస. వెనకనుంచి ఏం చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే. ఇన్నేళ్ల కాపురం తర్వాత నా గొంతంటే విసుగు పుట్టిందేమో అనుకున్నాను. పోట్లాడే ఓపిక కూడా లేక నీళ్లు తాగడానికి లోపలికెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఇంజను నడుస్తోంది. ఆయన బానెట్ కింద వంగి ఉన్నాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినడం ఆయన అలవాటు. ఇప్పుడు పిడి చెవి దగ్గర లేదు, పళ్ల మధ్య ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని, పిడిని కొరికి పట్టుకుని, మొనని ఒకచోటినుంచి ఇంకోచోటికి జరుపుతున్నాడు.

కాసేపటికి ఇంజను ఆపేశాడు. షెడ్డంతా నిశ్శబ్దమైంది.

"ఏమండీ," అన్నాను మెల్లగా, వెనకనుంచి.

తిరగలేదు. మళ్లీ పిలిచాను. అయినా తిరగలేదు.

అప్పుడర్థమైంది. చెవికందని అదురుని పళ్లతో పట్టుకోవాలని చూస్తున్నాడు. నేనంటే విసుగు కాదు, నా మాట అసలు ఆయనదాకా చేరడమే లేదు. ఇన్నాళ్లూ ఆ వీపుకేసి ఎన్నెన్ని మాటలన్నానో తలుచుకుంటే ఏడుపొచ్చింది. చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్లాను. నన్ను చూడగానే స్క్రూడ్రైవర్ వెనక దాచుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

నా పెదాలకేసి చూశాడు. "సన్న శబ్దాలే పోయాయి. లారీలూ అవీ బాగానే వినిపిస్తాయి. నువ్వు ఎదురుగా ఉంటే తెలుస్తుంది." ఇంజనుకేసి చూసి, "వాల్వులు బిగించేటప్పుడు శబ్దం తగ్గిందనుకుని ఆపేశా. తగ్గింది నాకేనన్నమాట," అన్నాడు.

"రేకులున్నాయిగా!"

"చెవి మేస్త్రి రేకులు పట్టాడంటే నవ్వరూ?"

ఇంకో రోజైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. ఆ పూట చేతకాలేదు. స్క్రూడ్రైవర్ లాక్కుని, పిడి గుడ్డతో తుడిచాను. "మూత తీయండి. వినేది నేను, తిప్పేది మీరు."

"పూర్తిగా పోకూడదు," అన్నాడు భయంభయంగా. "మరీ బిగిస్తే వాల్వు కాలిపోతుంది. గోడవతల గడియారంలా, ఉండీ లేనట్టుండాలి."

ఆయన ఇంజను నడిపాక పిడి చెవికి ఆనించుకుని వంగాను. మొదట హోరు తప్ప ఏమీ తెలియలేదు. నూనె చిమ్మి మొహమంతా పడింది. మొన జరుపుతూ పోతే ఒకచోట, ఎవరో గోటితో కొడుతున్నట్టు దొరికింది. అక్కడేనన్నట్టు చెయ్యెత్తాను. ఆయన మర తిప్పుతున్నాడు గానీ ఇంజనుకేసి చూడటం లేదు, నా మొహంకేసే చూస్తున్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా నన్నంతసేపు చూసినట్టు గుర్తులేదు. మెడ పట్టేసింది. ఒకటయ్యాక ఇంకోటి, చివరిదాకా అలాగే చేశాం. ఆఖరున చెయ్యి దించి తలూపాను.

సాయంత్రం వదిన వచ్చి, తాళం తిప్పి, తల పక్కకి వాల్చి విన్నది.

"ఇదీ! ఇప్పుడు దారికొచ్చింది. నీ చెవే చెవిరా తమ్ముడూ!" ఆవిడది మామూలుగానే పెద్ద గొంతు, ఆయనకి వినపడింది.

నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. ఆయన ఒక నవ్వు నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. నేనెవరికీ చెప్పేదాన్ని కాదు. చేతులు తుడుచుకున్నాడు, తుడిచినవే మళ్లీ తుడుచుకున్నాడు.

"నా చెవి కాదక్కా. దీనిది. నాది పోయింది."

వదిన ఇంజను ఆపి, తమ్ముణ్ణి చాలాసేపు చూసింది. "ఎవరికీ చెప్పనులే," అంది చివరికి.

"చెప్పు. చెప్తేనే కదా ఎదురుగా వచ్చి మాట్లాడతారు."

ఈసారి తలుపు మెల్లగా వేసుకుని వెళ్లింది. ఆయన మేకుమీది రేకులు తీసి, కాగితం విప్పి, నాకు వీపు పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

భోజనానికి పిలవాలి. కూర్చున్నచోటునుంచే కేకెయ్యబోయాను. కాళ్లు పీకుతున్నాయి. అయినా లేచి, కారు చుట్టూ తిరిగి వెళ్లి, ఆయనకి ఎదురుగా నిలబడ్డాను.

"భోంచేద్దురు గాని, రండి."