చితికెక్కని బొంత

ఫూరువా కొండల్లో ఆ ఏడు చలి ముందే దిగింది. ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో కట్టె తెచ్చి, తెల్లవారేసరికి వీధి మలుపులో మంట వేసేవారు. జిగురన్నం ముద్దలు పుల్లలకు గుచ్చి ఆ నిప్పుల మీదే కాల్చుకునేవారు.

ఖమ్‌సింగ్ నాలుగు రోజులుగా అక్కడికి పోవడం లేదు. "మా అక్కకేం, తన బొంత కప్పుకునే పోయింది" అని, చనిపోయిన అమ్మ గురించి పిన్ని బువాలోయ్ అక్కడ రోజూ అంటుంటే వినలేకపోయాడు.

పోయినవాళ్ల పక్కబట్టలు మూటగట్టి చితి మీద పెడతారు. లేకపోతే పైలోకంలో వాళ్లు చలికి వణుకుతారు. అమ్మ దూది ఏకి కుట్టుకున్న బొంతను అతనూ దహనం పూట మూటలో పెట్టాడు. మళ్లీ తీశాడు. ఇంట్లో మందమైనది అదొక్కటే. బదులుగా గడ్డి కుక్కి ముడివేశాడు.

"ఒరేయ్ సింగ్! కట్టె తేవాలని మంట దగ్గరికే రావడం మానేశావురా, పిసినారి?" పిన్ని కాల్చిన ముద్ద పట్టుకుని, స్తంభాల మీది ఇంటికి నిచ్చెనెక్కి వచ్చింది.

"జ్వరం పిన్నీ. అక్కడ పెట్టు."

"ఏదీ, చూడనీ." నుదుటి వైపు వచ్చిన చెయ్యి అతను కప్పుకున్న బొంత అంచు మీద ఆగింది. "ఈ ఎర్రదారం వరస నేను కుట్టిందేగా... మరి ఆ మూటలో?"

"గడ్డి."

ఆమె ముద్ద అతని చేతిలో పెట్టింది. "తిను. చల్లారిపోతుంది." దిగి వెళ్లిపోయింది. ఒక్క దెబ్బ వేసినా బాగుండేదనిపించింది అతనికి.

మర్నాడు బొంత భుజాన వేసుకుని మలుపు దగ్గరికి వెళ్లాడు.

"జ్వరం తగ్గిందా, మీ పిన్ని చెప్పింది" అన్నాడొకడు. పిన్ని నిప్పులే చూస్తోంది.

అప్పుడే పెద్ద భిక్షువు భిక్షకు వచ్చాడు. భిక్షువుకిచ్చింది పోయినవాళ్లకు చేరుతుందంటారు. ఖమ్‌సింగ్ మోకరిల్లి బొంత ముందుంచాడు.

"ఎవరి పేరు మీద?"

"మా అమ్మ పేరు మీదండి. దహనం నాడే పంపాల్సింది. నాకు చలేసి ఉంచుకున్నాను. మూటలో గడ్డి పెట్టాను."

ఎవరూ నవ్వలేదు. భిక్షువు మంత్రం చదివి, బొంత తీసుకుని వెళ్లాడు.

పిన్ని జరిగి చోటిచ్చింది. అతను అక్కడ కూర్చోలేదు. అందరికీ వెనక, గాలి కొట్టే వైపు కూర్చున్నాడు.