చదివాక చెప్పడం

మా ఊరికి పత్రిక మాచర్ల బస్సులో రెండు రోజులు ఆలస్యంగా వచ్చేది. వీరయ్య సోడా కొట్టు ముందు నేనే చదివేవాణ్ణి. పత్రిక భాష పుస్తకాల భాష. అందుకని ఒక్కో వార్త ముందు చదివి, తరువాత మన మాటల్లో చెప్పడం అలవాటు. చెప్పేదాకా ఎవరూ లేచేవారు కారు.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. కృష్ణ దాటి నిజాం రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న రోజులు. మా ఊళ్ళో గోపాలకృష్ణయ్య గారు కాపలా దళం పెట్టారు. పత్రికకు మా వైపు కబుర్లు రాసి పంపేదీ ఆయనే.

ఆ రోజు ఆయనా వచ్చి బల్ల మీద కూర్చున్నారు. నేను చదివాను: "కృష్ణ రేవు దారిలో ఘర్షణ. ఆయుధపాణియైన రజాకారొకడు మృతి చెందెను."

చదివి ఊరుకున్నాను.

"చెప్పవేంది ఇన్నయ్యా? గొంతులో సోడా గోలీ పడ్డదా?" అన్నాడు వీరయ్య. అందరూ నవ్వారు.

చచ్చిపోయింది మా దూదేకుల మౌలాలీ. పక్క ఊళ్ళో పరుపులకు దూది ఏకి, ఏకే విల్లు భుజాన వేసుకుని మునిమాపువేళ ఇంటికి వస్తున్నాడు. దళం వాళ్ళు దాన్ని తుపాకీ అనుకున్నారు. నేను ఆ దారి పక్కనే మా జొన్న చేలో ఉన్నాను. అతడు తన పేరు చెప్పి అరిచాడు. పేరు విన్నాక కూడా దెబ్బలు ఆగలేదు. వారమైంది. నేనెవరికీ చెప్పలేదు.

అతని భార్య సాబిరా వీధిలో నిలబడి ఉంది.

"చదివావు బాబాయ్, ఇక చెప్పు," అంది. "రజాకారు పెళ్ళామని బావికాడ చేద ముట్టుకోనీటంలా. రేపు నా పిల్లనీ అట్లాగే అంటారు. ఆ కాయితంలో ఉన్నది మా ఆయనేనా?"

"రాసింది చదివావుగా, చాల్లే ఇన్నయ్యా," అన్నారు గోపాలకృష్ణయ్య గారు.

"చదవటం అయిందండీ. చెప్పటం కాలా," అన్నాను.

చెప్పాను. "ఘర్షణేం లేదు. ఉన్నది ఒక్కడు, మన మౌలాలీ. భుజాన ఉన్నది దూదేకే విల్లు. మన దళమే కర్రలతో కొట్టి చంపింది. 'నేను మౌలాలీనయ్యా' అని అరిచాడు. నా చెవులతో విన్నా. విని కూడా చేలోంచి కదల్లా."

గోపాలకృష్ణయ్య గారు నా చేతిలో పత్రిక లాక్కుని వెళ్ళిపోయారు. ఆయన వెనక ఒక్కొక్కరే లేచారు.

"కూర్చో బాబాయ్," అంది సాబిరా. "పిల్లని తీసుకొస్తా. దానికీ చెప్పు."

బల్ల లోపల పెట్టుకోవాలి లెమ్మన్నాడు వీరయ్య. నేను లేవలేదు.