శుక్రుడు కనబడని నెలలు

దొంగలు మీరే, ఇంకెవరూ కాదు, అమీర్‌పేట కన్సల్టెన్సీలో మూడో అంతస్తు ఏసీ గదిలో తిరుగుడు కుర్చీలో కూర్చుని మా బతుకుల్ని తిప్పినవాళ్లు మీరే, అమెరికా మీలాంటి వాళ్లకు కాదమ్మా, కెనడాలో డిప్లొమా పట్టుకో అన్నారు, మీకు కమీషన్ ఇచ్చే కాలేజీ పేరు తప్ప ఇంకో పేరు మీ నోటి నుంచి ఊడిపడలేదు, ఇంటి పరిస్థితి చూసి ఫీజు తగ్గించే కాలేజీలు అమెరికాలో కొన్నైనా ఉన్నాయని మీకు తెలియదా, తెలుసు, వాళ్లు మీకు పైసా విదల్చరు కాబట్టి మీ లెక్కలో వాళ్లు లేరు, అని సాత్విక కెనడాలో మార్కమ్ రోడ్డు మీద మంచులో చిక్కుకున్న బస్సులో కడ్డీ పట్టుకుని మనసులోనే దులిపేస్తోంది, దులిపేకొద్దీ హుషారు వస్తోంది, బయట మంచు తీసే బండి ఆవులా తాపీగా పోతోంది, పక్కన రూమ్మేటు స్నేహ, మిర్యాలగూడ రైస్‌మిల్లు ఓనరు గారమ్మాయి, చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని గుర్రంలా నిలబడే కునుకు తీస్తోంది, అదృష్టవంతురాలు, దీనికి ఫీజు గోలే లేదు, తనకేమో ఇంకాసేపట్లో అమెరికా నుంచి ఫోను, మిన్నసోటాలో పొలాల మధ్య ఉన్న ఒక చిన్న కాలేజీలో ఫీజు సాయం చూసే ఎయిడ్ ఆఫీసు వాళ్లు ఈ పొద్దున మాట్లాడతామన్నారు, లైబ్రరీలో ఒక గది చూసుకుని తలుపేసుకుని మాట్లాడదామనుకుంటే బస్సు కదిలితేగా.

సీటైతే ఇచ్చారు, డబ్బు సాయం మాత్రం ఇవ్వలేమన్నారు, మీ కుటుంబానికి స్థోమత ఉంది అన్నారు, ఆ మెయిలు చదివి బేస్‌మెంట్ మెట్ల మీద కూలబడి ఏడుస్తుంటే పై నుంచి సూర్యకుమారి ఆంటీ దిగొచ్చింది, ఇంటి ఓనరమ్మ తల్లి, కెనడాలోనే రెజైనా అనే ఊళ్లో జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరై కూతురింటికి వచ్చిన కాకినాడ మనిషి, ఏదీ నువ్వేం పంపావో చూపించవే అని కళ్లజోడు సర్దుకుని ఫోను లాక్కుంది, చదివి, మీ నాన్న ఈవెంట్ మేనేజ్‌మెంట్ బిజినెస్ మేనా, మరి నాతో పెళ్లిళ్లలో క్లారినెట్ వాయిస్తాడన్నావు అంది, అదే ఆంటీ, పెళ్లి ఈవెంటే కదా అంది సాత్విక, అమ్ములూ, మరి బ్యాంకులో ఇంత సొమ్ము ఎవరిదే, మా మామది ఆంటీ, పొలం అమ్మిన పైసలు, కెనడా ఫైలు కోసం బాపు ఖాతాలో వేసి చూపించమన్నారు, చూపించినం, మళ్లీ తీసుకున్నడు, ఆంటీ నవ్వు ఆపుకోలేక మెట్టు మీదే కూర్చుంది, ఓసి పిచ్చిదానా, అన్నం పెట్టమని వెళ్లి, పట్టుచీర కట్టుకుని, బిర్యానీ తిని త్రేనుస్తూ నిలబడితే ఎవరు పెడతారే, కెనడా వాళ్లు నీ దగ్గర డబ్బు ఉందా అని అడిగారు, వీళ్లు నీ దగ్గర లేదా అని అడుగుతున్నారు, నువ్వు రెండిటికీ ఒకటే కాగితం పడేశావు. అవును, ఒకసారి పనిచేసిన కాగితం కదా, మళ్లీ పనిచేస్తుందనుకుంది, ఉన్నదానికంటే ఎక్కువ చూపించడం అలవాటైపోయింది, పెళ్లిచూపులకు పక్కింటి సోఫా తెచ్చి వేసే ఊరి నుంచి వచ్చినదానికి ఇంకేం తెలుస్తుంది, ఉన్నమాట రాసి మళ్లీ చూడమని అడుగు అని ఆంటీ దగ్గరుండి మెయిలు పంపించింది, బాపు సంపాదన నెలనెలా ఉన్నదున్నట్టు రాయించింది, అందుకే ఈ ఫోను, అయ్యో, మోగనే మోగింది, ఇక్కడే, ఇంతమందిలో, స్నేహ పక్కన.

హలో అంటే ఒక పెద్దామె, గొంతులో చలికాలం జలుబు, మీరు పంపింది చదివాను, ఆ బ్యాంకు సొమ్ము మీది కాదా అంది, కాదు, మామది, తిరిగి ఇచ్చేశాం, సాత్విక మెల్లగా చెప్పింది, వినపడలేదు అంది ఆమె, ఇంజిన్ రొద, కొంచెం గట్టిగా చెప్పమ్మా, గట్టిగానా, స్నేహ కళ్లు తెరిచింది, ఇంటికి పోగానే తెలుగు స్టూడెంట్స్ గ్రూపులో చెబుతుందేమో, చెప్పనీ, మా నాన్న వెడ్డింగ్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తాడు అని సాత్విక బస్సంతా వినేలా ఇంగ్లీషులో అంది, అని చూస్తే ఏమీ కాలేదు, ముందు సీటు ముసలాయన వెనక్కి తిరిగి తలూపాడంతే, మరి కొన్ని నెలలు సున్నా ఉందేం, ఉద్యోగం పోయిందా అంది ఆమె, లేదు మేడమ్, మూఢం, దాన్ని ఇంగ్లీషులో ఏమంటారు, శుక్రగ్రహం సూర్యుడికి దగ్గరగా పోయి మాకు కనబడదు, అది కనబడకపోతే ముహూర్తాలు ఉండవు, ముహూర్తాలు లేకపోతే పెళ్లిళ్లు ఉండవు, పెళ్లి లేకపోతే బ్యాండెందుకు, అని చెప్పేసి, పోయింది, అంతా పోయింది అనుకుంది, వీనస్, ప్లానెట్ వీనసా అంది ఆమె, అవును మేడమ్, ప్లానెటే, ఒక్కోసారి గురుడు కూడా అలాగే చేస్తాడు, ఆమె నవ్వింది, జలుబు గొంతుతో దగ్గుతూ నవ్వింది, వడగళ్లకు పంట పోయినవాళ్లను చూశాను, ఫ్యాక్టరీ మూతబడినవాళ్లను చూశాను, గ్రహం వల్ల జీతం ఆగిన ఇల్లు ఇదే మొదలు అంటూ టకటకా టైపు చేసుకుంది, మరి ముందే ఎందుకు చెప్పలేదమ్మా, చెప్పడానికి సిగ్గేసింది మేడమ్, సరే, నాన్నగారి చేత సంతకంతో ఒక మాట రాయించి పంపు, మీ ఇల్లు ఎంత కట్టగలదో మళ్లీ మొదటి నుంచి చూస్తాం, మాట ఇవ్వలేను, కానీ ఇలాంటి ఇళ్ల కోసమే మా కాలేజీలో సాయం నిధి పెట్టారు, అని ఫోను పెట్టేసింది. బాపూ, విన్నవా, ఎండలో ఎర్ర కోటు వేసుకుని చెమటలు కక్కుతూ బరాత్ ముందు ఊదే నీ క్లారినెట్‌ను నేను ఈవెంట్ మేనేజ్‌మెంట్ చేసి మూలన పడేసిన, నువ్వెవరి బిడ్డవని అడిగితే తల దించుకునేదాన్ని, ఇవాళ బస్సు నిండా వినిపించిన, పానం ఎంత తేలికగున్నదో.

బస్సు ఒక్క కుదుపుతో కదిలింది, స్నేహ ఇయర్‌బడ్స్ ఎప్పుడు తీసిందో ఏమో, చేతిలో పట్టుకుని నిలబడింది, అయిపాయె, ఇప్పుడు ఎక్కిరిస్తది అనుకుంటే, ఏయ్, ఆ కాలేజీ పేరు నాకు కూడా చెప్పవా అంది, నీకెందుకే, మీకు మిల్లున్నది కదా, మిల్లున్నది, మాది కాదు అంది స్నేహ కిటికీలోకి చూస్తూ, మా నాయన ఆడ బస్తాలు మోస్తడు, వీపు చూస్తే కాయలు కాసి ఉంటది, మరి ఓనరన్నవ్ కదనే, నువ్వు ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటివి, నేను మిల్లంటి, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎవరు ముందు నవ్వారో తెలియదు, కడ్డీలు పట్టుకుని ఊగిపోయేలా నవ్వారు, నిన్న రాత్రి కూడా ఒక్క నూడుల్స్ ప్యాకెట్టు ఇద్దరూ పంచుకుని తిన్నారు, డైటింగ్ అని చెప్పుకుని.

నవ్వు దిగాక సాత్వికకు ఒక్కటే మిగిలింది, సెమిస్టరంతా ఒకే గదిలో, ఒకే గిన్నెలో తింటూ, ఒకే భయంతో పడుకుని, ఒక్కరం నోరు విప్పి ఉంటే ఇద్దరికీ దారి దొరికేది, మన సిగ్గే ఆ కన్సల్టెన్సీ వాళ్ల పెట్టుబడి, మనం దాచినంత కాలం వాళ్ల షాపు నడుస్తుంది, అంతే, ఇంకేం లేదు, కాబట్టి వినండి, గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరూ, మీ నాయన హమాలీ అయితే హమాలీ అని చెప్పండి, మీ అమ్మ ఇళ్లలో పాచిపని చేస్తే పాచిపని అని చెప్పండి, మీకు తెలిసిన సాయం చేసే కాలేజీ పేరు దాచుకోకండి, ఇక కాలేజీల వాళ్లూ, బ్రోచర్ల మీద చెట్లూ నవ్వు మొహాలూ ఆపి, క్లారినెట్ వాయించేవాడి బిడ్డకు మీ దగ్గర చదువు ఎంతకు దొరుకుతుందో మొదటి పేజీలోనే చెప్పండి, అప్లికేషన్ ఫీజు గుంజకముందే చెప్పండి, ఇప్పుడే చెప్పండి.