గేటు దగ్గర ఆగని డ్రైవరు

నోరు జారింది నేనే. ఎవరూ నన్ను అడగలేదు, బతిమాలలేదు.

మా లోయ రైలు లైనులో నాకాబుకురో స్టేషను దాటి పైన ఉన్న ఆరు స్టేషన్లకూ మార్చి పద్నాలుగు తర్వాత రైలు ఉండదని చెప్పడానికి, జనవరిలో పై ఊళ్లవాళ్లందరినీ కామిసాసే ఊరి హాల్లో కూర్చోబెట్టారు. కింది అయిదు స్టేషన్లూ ఉంటాయి. అక్కడ బడిపిల్లలూ ఆఫీసు జనమూ ఎక్కుతారు. పైన ఎక్కేది ముసలివాళ్లూ పుట్టగొడుగుల బుట్టలూ. మునిసిపాలిటీ నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగి తెర మీద ఏవో గీతలు చూపించి, "రైలుకి బదులు టాక్సీ వస్తుందండీ. ముందురోజు సాయంత్రం అయిదులోగా ఫోన్ చేసి చెప్పుకుంటే చాలు" అన్నాడు.

"రేపు పొద్దున నా నడుం పట్టేస్తుందని ఇవాళ సాయంత్రమే నాకెట్టా తెలుస్తుంది నాయనా?" అన్నాడు గుంజి బాబాయ్. ఎనభై ఏళ్లవాడు, పుట్టగొడుగులు పండిస్తాడు. హాలంతా నవ్వింది.

"పోనీ బస్సు వెయ్యచ్చుగా?" అందొక ముసలమ్మ.

"బస్సుందండీ, డ్రైవరే లేడు. ఈ నెలాఖరు కాదు, మార్చి నెలాఖరులోగా లైసెన్సున్న మనిషి దొరికితే రోజుకి నాలుగు ట్రిప్పులు నడుపుతాం. దొరక్కపోతే టాక్సీయే."

నేను లేచాను. "నేను లేనూ? ముప్పై ఒక్క ఏళ్లుగా మిమ్మల్ని పట్టాల మీద మోస్తున్నా. రేపట్నుంచి రోడ్డు మీద మోస్తా. ఏముంది అందులో?"

చప్పట్లు మోగాయి. నా పేరు ఒగిసు చిజురు. ఈ లైనులో బండి నడిపిన మొదటి ఆడమనిషిని నేనే. చేతకాదన్న మాట నా నోట రాదు. అదే నా రోగం.

బస్సు లైసెన్సు పరీక్షకి ఫిబ్రవరిలో వెళ్లాను. పరీక్ష మైదానంలో ఉత్తుత్తి రోడ్లు, ఉత్తుత్తి సిగ్నళ్లు, మధ్యలో ఒక ఉత్తుత్తి రైల్వే గేటు. గడ్డిలోంచి వచ్చి గడ్డిలోకే పోయే రెండు బారల పట్టాలు. మలుపులు తిప్పాను, వెనక్కి నడిపాను, వాలులో ఆపి మళ్లీ ఎక్కించాను. పక్క సీట్లో కూర్చున్న పరీక్షాధికారి మొహం చెక్కబొమ్మే అయినా, పెన్ను మాత్రం కదలడం లేదు. అంటే తప్పుల్లేవన్నమాట. గేటు వచ్చింది. రైలు డ్రైవర్ల పద్ధతిలో, తెల్ల చేతొడుగు వేసుకున్న చెయ్యి చాచి, వేలు చూపించి, గట్టిగా "గేటు సరే!" అని, దర్జాగా దాటించేశాను.

"పక్కకి తీసి ఆపండి," అన్నాడు అధికారి. "పరీక్ష అయిపోయింది."

గేటు ఎత్తి ఉన్నా సరే, గీత దగ్గర ఆగి, కిటికీ దించి, చెవి పెట్టి విని, అప్పుడు దాటాలి. కారు నేర్చుకునే ప్రతివాడికీ మొదటి రోజే చెప్పే ముక్క ఇది. నా బుల్లికారులో రోజూ ఆగేదాన్నే. కానీ ఎత్తు సీటు, ఎదురుగా పెద్ద అద్దం, చేతికి తొడుగులు, వెనక ఖాళీ సీట్ల వరస. ఇవన్నీ కలిసేసరికి నా ఒంటికి అది రైలైపోయింది. రైలు గేటు దగ్గర ఆగుతుందా? ఆగేది ఊరు కదా!

సరే, తెలిసిపోయింది, ఇంకేం భయం అనుకుని మార్చి మొదటివారంలో మళ్లీ వెళ్లాను. దారి పొడుగునా "ఆగు, ఆగు" అని జపం చేశాను. గేటు కనబడింది. చెయ్యి దానంతటదే లేచింది. "గేటు సరే!" దాటేశాను. దాటాక గుర్తొచ్చింది. ఆ అధికారి ఈసారి నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. నాకు తల తీసేసినట్టయింది.

లోయలో కబురు నాకంటే ముందే చేరింది. మర్నాడు చివరి స్టేషన్లో బండి మళ్లే ఆ పదకొండు నిమిషాల్లో, గుంజి బాబాయ్ ప్లాట్‌ఫారం మీద కాచుకుని ఉన్నాడు.

"ఏమ్మాయ్, మళ్లీ ఆగలేదటగా!"

"ఆగలేదు. అయితే?"

"ఆ తొడుగులు తీసేసి నడపరాదూ? చెయ్యి లేవదు."

"తీసేది లేదు. తొడుగుల్లేకుండా జనాన్ని ఎక్కించుకోను నేను. వేలు చూపించకుండా అడుగు ముందుకెయ్యను. అది నా పని, బాబాయ్!"

"పనంట పని!" ఆయనకీ కోపమొచ్చింది. "మూడోసారి కూడా పోతే నెలాఖరు దాటిపోతుంది. నేను టాక్సీకి దండాలు పెట్టుకుంటూ కూచోవాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ పొద్దున ఏడూ పన్నెండుకి మా తోట పక్క రైలు గేటు దగ్గర నీకోసం ఆగుతున్నానే, ఒక్కరోజైనా చూశావా నన్ను? ఊరంతా నీకోసం ఆగింది. నువ్వు ఒక్కసారి ఆగలేవా?"

ఇన్నేళ్లూ గేటు చూశాను, సిగ్నల్ చూశాను, పట్టాలు చూశాను. గేటు అవతల మనిషిని చూసిన జ్ఞాపకం నిజంగానే లేదు. పైకి మాత్రం, "చూడకుండా ఎలా ఉంటా?" అని బొంకేసి బండెక్కాను.

పద్నాలుగో తేదీ పై లైనులో ఆఖరి రోజు. ఫోటోలు తీసేవాళ్లు ఎక్కడెక్కణ్ణుంచో వచ్చి పొలం గట్లమీద నిలబడ్డారు. పొద్దుటి బండి కిందికి దించుతున్నాను. తోట గేటు దగ్గరికొచ్చాను. వేలు చూపించి, "గేటు సరే!" అన్నాను. అని, కళ్లు తిప్పి చూశాను.

దించిన కర్ర వెనక తెల్ల చిన్న లారీ. ఇంజను ఆపేసి ఉంది, కిటికీ దించి ఉంది. గుంజి బాబాయ్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అరిచి పిలవలేదు, చెయ్యి ఊపలేదు. నా బండి రెండు పెట్టెలూ వెళ్లిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. ఆయన వెనక సైకిలు మీద ఒకావిడ ఒక కాలు నేలకి ఆనించి నిలబడింది. నేను కూత వేశాను. అక్కడ వెయ్యాల్సిన పని లేదు. ఏడుపొచ్చింది. డ్యూటీలో ఏడవడం అదే మొదలు, అదే ఆఖరు.

నెలాఖరు దాకా డ్రైవరుతో సహా అద్దెకి తెచ్చిన బస్సు ఒకటి తిప్పుతూ, మునిసిపాలిటీవాళ్లు నా ఫలితం కోసం కాచుకున్నారు. ఇరవై నాలుగున మూడోసారి పరీక్షకి వెళ్లాను. అదే అధికారి. నన్ను చూసి బెల్టు ఇంకాస్త బిగించుకున్నాడు. తొడుగులు వేసుకునే ఎక్కాను. మలుపు, వాలు, వెనక్కి నడపడం, అన్నీ వెన్నతో పెట్టిన విద్యలా అయిపోయాయి. గేటు వచ్చింది.

ఆపాను. గీత మీదకి ఒక్క వేలెడు కూడా పోకుండా ఆపాను. కిటికీ దించాను. బయట గాలి, ఎక్కడో గడ్డి కోసే మిషను చప్పుడు. ఎడమ వైపు వేలు చూపించాను, కుడి వైపు చూపించాను. కాలు బ్రేకు మీదే ఉంది. నేను కదలలేదు. అధికారి గడియారం చూసుకున్నాడు, నా మొహం చూశాడు. అప్పుడు "గేటు సరే" అని, మెల్లగా దాటించాను.

ఆఫీసులో నా కాగితం మీద ముద్ర గుద్ది నా ముందుకి తోశాడు. పాసయ్యాను. కుర్చీలోంచి ఎగిరి గంతెయ్యాలనిపించింది. యాభై ఏడేళ్లదాన్ని కాబట్టి కాగితాన్ని రెండు చేతులా అందుకుని వంగి దండం పెట్టాను.

"ఒక్క మాట," అన్నాడు ఆయన. "గేటు దగ్గర మూడు క్షణాలు ఆగితే చాలు. మీరు చాలాసేపు ఆగారు. అవి ఉత్తుత్తి పట్టాలమ్మా, వాటి మీద ఏ రైలూ రాదు. దేనికోసం చూశారు?"

"మా బండి కోసమండి. రెండు పెట్టెలది. అది వెళ్లేదాకా ఆగాను."

ఆయన ముద్ర సొరుగులో పెట్టి, నా వైపు చూశాడు.

"వెళ్లిందా మరి?"

"వెళ్లిందండి," అన్నాను. "ఇక బస్సు నేను నడుపుతా."