పిట్టల్ని లేపినవాళ్లు

ఓర్క్నీ దీవుల పడమటి ఒడ్డున జనవరి గాలి చెంపలు వాయిస్తోంది. అయినా థోరాకు అది ముద్దుగానే ఉంది. పెళ్లై మూడు నెలలు నిండలేదు. మొగుడు ఎర్లెండ్ పాత ఊలు టోపీ పెద్దదై కళ్ల మీదకు జారినా సంబరమే. ఆ సంబరానికి ఒక్కటే అడ్డు: అతని చిన్ననాటి స్నేహితురాలు సునీవా.

ఏటా చలికాలం, సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ, ఈ ఒడ్డు వెంట నడిచి పిట్టల్ని లెక్కపెట్టేది ఎర్లెండ్, సునీవా. అతను వేలెత్తితే చాలు, ఏ పిట్టో అడక్కుండానే ఆమె రాసేసుకుంటుంది. అడక్కుండానే ఫ్లాస్కులోంచి టీ పోసిస్తుంది, పంచదార లేకుండా. ఆ సంగతి తెలియడానికి థోరాకు నెల పట్టింది.

"ఒరేయ్, ఓ ఏడాది జారి నాచులో కూర్చున్నావు, గుర్తుందా?" అంది సునీవా.

"చెయ్యిచ్చి లేపుతానని నువ్వూ పడ్డావుగా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. థోరా టోపీ పైకి తోసుకుని, వాళ్లను దాటి ముందుకు నడిచింది.

అప్పుడే కనబడ్డాయి: నల్లరాళ్ల మీద రాళ్లలాగే ముడుచుకున్న, ఒడ్డున మేసే ఉల్లంకి పిట్టలు, బోలెడు. వాళ్లిద్దరూ చూడలేదు. తనే ముందు చూసింది!

"ఎర్లెండ్! అదిగో!"

ఆ అరుపుకి గుంపంతా గుప్పున లేచి, లెక్కకు చిక్కకుండా, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికొమ్ము దాటిపోయింది.

"అయ్యో తల్లీ!" సునీవా పెన్సిలు చెవి మీద దోపుకుంది. "మా కట్టుబాటు తెలుసుగా? పిట్టల్ని లేపినవాళ్లే పొలాల్లోంచి చుట్టు తిరిగెళ్లి, అవి ఎక్కడ వాలాయో చూడాలి. లేకపోతే లెక్కలోంచే జారిపోతాయి."

"మరి మీరిద్దరూ?"

"మేం ఎప్పట్లాగే ఒడ్డు పట్టుకుని వస్తాం."

ఆ 'ఎప్పట్లాగే' ముల్లులా దిగింది. ఎర్లెండ్ తాపీగా బైనాక్యులర్స్ తుడుచుకోవడం మరీ మండించింది. థోరా విసవిసా గట్టెక్కుతుంటే వెనక ఫెళ్లున తుమ్ము. సీగల్స్ గోలగోలగా లేచాయి.

"ఇన్నేళ్లలో ఒక్కసారైనా తుమ్మావట్రా?" సునీవా గొంతు.

"పెళ్లయ్యాకే జలుబు చేసింది. లేపానుగా, నేనూ చుట్టు తిరగాల్సిందే."

"సీగల్స్ లెక్కలోకి రావురా, సిగ్గులేనోడా!"

బైనాక్యులర్స్ ఆమె చేతిలో పెట్టి అతను పరుగెత్తుకొచ్చాడు. ఆయాసపడుతూనే థోరా చెయ్యి పట్టుకున్నాడు.

"ముందు చూసింది నేనే," అంది థోరా, ఇంకా మూతి ముడుచుకునే.

"చూశావు. ఊరంతా వినేలా చూశావు."

థోరాకు నవ్వు ఆగలేదు. వెనక్కి తిరిగి చూసింది. కింద సునీవా పిట్టల కోసం చూడటం లేదు. బైనాక్యులర్స్ ఎత్తి తమ ఇద్దరినే చూస్తోంది.

థోరాకు జాలేమీ కలగలేదు. మొగుడి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుని, తొందరేం లేదన్నట్టు అడుగు నెమ్మది చేసింది.