కారునలుపు

మా మామగారి షెడ్డుకు గోడలు మూడు, కారుకు తలుపులు నాలుగు. ఎడమవైపు రెండూ తెరవాలంటే గోడ కూల్చాలి. ఆ గోడకూ కారుకూ మధ్య సందులో, పొట్ట లోపలికి పీల్చుకుని, చేతిలో వేడిగాలి గన్నుతో ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. ఇరుకున పడ్డామని జనం ఊరికే అంటుంటారు. నేను కొలతలతో సహా పడ్డాను.

తప్పు నాదే. పోయిన ఆదివారం ఆయన కారుకు మైనం పాలిష్ పెట్టాను. రంగు మీద ఆగాల్సినవాణ్ణి, ఉత్సాహం ఆగక, చక్రాల చుట్టూ తలుపుల కిందా ఉండే గరుకు నల్ల ప్లాస్టిక్ మీదికీ పాకించాను. అసలే అది ఎండకు వెలిసి బూడిదరంగుకు దిగింది. మైనం ఆ గరుకులో దూరి, ఎండి, తెల్లటి మచ్చలై కూర్చుంది.

"ఏమయ్యా, కారుకు సున్నం కొట్టావా?" అన్నారు మామగారు. కారు తెల్లబోయింది, దాన్ని చూసి నేనూ తెల్లబోయాను.

సబ్బునీళ్లతో, పాత పళ్ల బ్రష్షుతో తోమాను. తడి ఉన్నంతసేపు నలుపు, ఆరగానే మచ్చలు మళ్లీ పళ్లికిలించాయి. నూనె రాశాను. ఒకపూట నిగనిగలాడి, మర్నాటికి వీధిలోని దుమ్మునంతా పిలిచి కూర్చోబెట్టుకుంది. చివరికి తెలిసిన ఎలక్ట్రీషియన్, వేడిగాలికి మైనం కరిగి ప్లాస్టిక్ నలుపు పైకి తేలుతుందని చెప్పి, తీగల తొడుగులు బిగించే గన్ను అరువిచ్చాడు. "ఒకేచోట ఆపకు గురూ, కరుగుతుంది. రంగు జోలికి పోకు, పొంగుతుంది," అన్నాడు.

ఈ ఉదయమే ఎందుకంటే, పదకొండులోపల ఒక ఇంటాయనకు అవునో కాదో చెప్పాలి. పెళ్లైన కొత్తలో ఆర్నెల్లుందామని మామగారింటికి వచ్చాం. పదమూడేళ్లయింది. ఇల్లు ఆయనది, ఇరకాటం నాది. రెండూ కలిస్తే ఇల్లరికం. ఇన్నాళ్లకు రెండు గదుల వాటా అద్దెకు దొరికింది. మచ్చలు పోతే మచ్చిక, మచ్చికలో మాట. అదీ నా ప్లాను.

"నాన్నకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది మా ఆవిడ.

"నేనే చెప్తా. మగాణ్ణి," అన్నాను.

నాలుగు వేళ్ల దూరంలో గన్ను అటూ ఇటూ ఆడించాను. బూడిదరంగు మీద నలుపు నీళ్లలా పాకింది. మచ్చ లేదు. కారునలుపంటే ఇదీ! మురిసిపోతూ, జానెడు జానెడుగా జరుగుతూ మూలకు చేరాను.

అప్పుడొచ్చారు మామగారు, కుర్చీతో సహా. ఆ వేళకు అక్కడ నీడపట్టు ఒక్కటే, నా సందు మొదలు. అక్కడే కుర్చీ వేసి పేపరు విప్పారు. ఆ ఇంట్లో ఆయన తనంతట తాను లేవడమే గానీ, ఆయన్ని లెమ్మన్నవాళ్లు లేరు. అత్తగారు ఆ కుర్చీ చుట్టూ ఊడుస్తారు.

"నల్లబడుతోందే! చూడ్డానికి అలా ఉంటావు గానీ, పనిమంతుడివే."

మెచ్చుకున్నారు! పదమూడేళ్లలో ఇదే బోణీ.

"మామయ్యగారూ, ఒక మాట..."

"ఆ మోత ఆపి చెప్పు."

ఆపాను. మోతతోపాటు మాటా ఆగింది.

"ఈ మూల కాస్త మిగిలిందండీ."

"కానియ్. ఇంటికి ఇలాంటివాడు ఒకడుండాలి."

వెనక జేబులో ఫోను మోగింది. మోచెయ్యి తిప్పితే గోడ, తిప్పకపోతే జేబు అందదు.

"ఫోనయ్యా."

"మోగనివ్వండి మామయ్యగారూ."

మోగి మోగి ఊరుకుంది. గన్ను నొక్కి, మిగిలిన ఆ మూలా పూర్తి చేసి ఆపాను. రెండు నిమిషాల్లో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఆయన కుర్చీ వెనక నిలబడింది.

"ఏమండీ, మీరు ఎత్తలేదని ఇంటాయన నాకు చేశాడు. సరే అనేశా. నాన్నా, ఒకటో తారీకున మేం వేరే ఇంటికెళ్తున్నాం. ఈయన చెప్పే ఉంటారుగా?"

మామగారు పేపరు మడిచి నా వైపు చూశారు. సందులో ఉన్నాను గానీ, దాక్కునే సందు లేదు.

"ఎంత దూరం?" అన్నారు కూతురితో.

"రెండు వీధుల అవతల."

"షెడ్డుందా?"

ఆయన కేకలెయ్యలేదన్న ఆనందం నన్ను ముంచేసింది. "ఉందండీ! ఎంత వెడల్పో! రెండువైపులా తలుపులు బార్లా తెరుచుకుంటాయి!" అని అరిచాను.

మా ఆవిడ నుదురు కొట్టుకుంది. ఈ షెడ్డుకులాగే నా నోటికీ తలుపు లేదని దానికి తెలుసు.

"మంచిది. కారు అక్కడే పెడదాం," అన్నారు మామగారు. "రోజూ పొద్దున్నే వచ్చి చూసుకుంటా. ఈ కుర్చీ అక్కడే ఉంచు. కొత్తింటికి మచ్చలతో ఎందుకు, రెండోవైపూ కానిచ్చెయ్."

మళ్లీ పేపరు విప్పారు. రెండోవైపుకు నేను వెళ్లాలంటే ముందు ఆయన లేవాలి. ఆ మాట అందామని నోరు తెరిచాను. ఆయన మొదటి పేజీ తిప్పారు.

"ఏమయ్యా, మోత ఆగిందేం?"

పూర్తయిన చోటే గన్ను మళ్లీ నొక్కాను.